ముక్త్యారు పుచ్చుకొన్న యంత్రము



నేటి ప్రసంగవిషయము మొదట వినుటకు కొంచెము కఠినముగా దోచును. అనేక కల్పితయంత్రములపై పెత్తనము చేయు సర్వరు ఒకటి. ఆ సర్వరునకు మనకు బదులుగా ఆజ్ఞలిచ్చు స్వయంచాలక సాఫ్ట్‌వేరు మఱియొకటి. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట యెట్లు అనునది విషయము. ఇది పట్టణములలోని కంప్యూటరు ఉద్యోగుల గొడవ, మనకేమి పని యని తలపవలదు. మీ పొలము అడంగలు, మీ ఇంటి దస్తావేజు, మీ పింఛను జాబితా నేడు కంప్యూటర్ల కడుపులోనే యున్నవి. తాళపుచెవి యెవరి చేత నున్నదో, ఆ చేతిని ఎవరు కనిపెట్టుచున్నారో యెఱుగుట ఇంటి యజమానికి తగిన పనియే.

నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. యంత్రశాస్త్రము నేను చదివినది కాదు. నాయొద్ద చదివిన శిష్యుడొకడు ఇట్టి యుద్యోగములో నున్నాడు. అతడు సెలవులకు వచ్చినపుడు నేను శిష్యుడనై, అతడు గురువై, కొన్ని సాయంకాలములు పాఠము జరిగినది. ఆ పాఠమును మన మాటలలోనికి దించి మీకు విన్నవించుచున్నాను.

ముందుగా మన లెక్కలు నడచివచ్చిన దారిని జూడుడు. ఒకప్పుడు గ్రామలెక్కలు కరణముగారి పెట్టెలో నుండెడివి. 1984 జనవరిలో మునసబు కరణముల పదవులు రద్దయినవి. లెక్కలు ఊరు విడిచి కచేరీల కెక్కినవి. 1998 నవంబరులో రిజిస్ట్రేషను శాఖవారు ‘కార్డు’ అను పేర నొక యేర్పాటును నెలకొల్పగా దస్తావేజులు కంప్యూటరులోనికి జేర నారంభించినవి. 2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చినవి. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామసచివాలయములు మొదలైనవి. పెట్టె ఎక్కడికో పోయినది గాని నకలు మాత్రము తిరిగి ఊరికి దగ్గఱయినది.

పోలవరము వారికి ఈ సంగతి మఱింత ముఖ్యము. ప్రాజెక్టు నీటిచే ముంపునకు లోనై ఊరు విడిచివచ్చిన కుటుంబములకు గట్టు గుఱుతు లేదు, చింతచెట్టు సాక్ష్యము లేదు. మిగిలినది కాగితము. ఆ కాగితమునకు మూలము కంప్యూటరులోని యొక వరుస. తక్కిన యూళ్ళలో కాగితము తప్పిపోయిన యెడల పొలముకడకు పోయి కొలిచి చూపవచ్చును. నీటి క్రిందికి పోయిన చేనును ఎవ్వరు కొలువగలరు? కావున ఆ వరుసను కాపాడువారి పద్ధతి యేమో తెలిసికొనుట వట్టి వేడుక కాదు.

ఇక కల్పితయంత్ర మనగా నేమి? వేదాంతులు ఘటాకాశమను దృష్టాంతమును చెప్పుదురు. ఆకాశ మొక్కటియే. కుండలో నున్నంతవఱకు దానిని ఘటాకాశ మందురు. మఠములో నున్నదానిని మఠాకాశ మందురు. కుండకు కుండకు వేఱువేఱుగా దోచినను ఆకాశము తెగలేదు. అటులనే గొప్ప శక్తిగల యినుపపెట్టె యొకటి యుండగా, దానియందు ఇరువది ముప్పది కంప్యూటర్లు వేఱువేఱుగా నున్నట్లు కల్పింపవచ్చును. ప్రతిదియు తానే సంపూర్ణమైన యంత్రమని నమ్మును. దానికి వేఱే పేరు, వేఱే చిరునామా, వేఱే దినుసులు. ఒకటి చెడి నిలిచినను ప్రక్కది తన పని తాను చేసికొనుచుండును. దీనినే వారు వర్చువల్ మెషీను అందురు.

అయితే దృష్టాంత మంతట పొసగదు. ఆకాశమున కంతులేదు, యంత్రబలమునకు మితి కలదు. ఇక్కడ మన గోదావరి దృష్టాంతమే మేలు. 1847లో కాటను దొర మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించిన ధవళేశ్వరపు ఆనకట్టనుండి నేటి బారేజి వఱకు జరుగుచున్న పని యేమి? ఒక్క నదిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు వంతులుగా పంచుట. ఏ డెల్టాకు దాని కాలువ. ఒకటి మఱియొకదాని వంతును మ్రింగకుండ చూచుట తలకాలువకడ నున్నవారి పని. యంత్రములో ఈ పంపకము చేయు ప్రోగ్రామునకు హైపర్‌వైజరు అని పేరు.

ఈ విద్య నిన్నటిది కాదు. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థవారు 1960లనాడే దీనిని సాధించి, 1972లో వి.ఎం./370 అను పేర బజారులో పెట్టిరి. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను ఇద్దఱు పండితులు దీనికి లక్షణము చెప్పిరి. కల్పితయంత్రములో నడచు ప్రోగ్రాము నిజయంత్రములో నడచినట్లే నడవవలెను. ఎక్కువ భాగము ఆలస్యము లేక నడవవలెను. వనరులపై పెత్తనము మాత్రము పైనున్న కావలిదానిదే కావలెను. ఈ మూడు లక్షణములు నేటికిని చెల్లుచున్నవి. 1998లో పుట్టిన వి.ఎం.వేర్ సంస్థ 2001లో సామాన్యపు సర్వర్లకును ఈ విద్యను దింపినది. 2003లో జెన్, 2007లో కె.వి.ఎం. అనునవి వచ్చినవి. మన దేశములో 1976లో నెలకొన్న నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరువారు 2014లో ‘మేఘరాజ్’ అను పేర ప్రభుత్వ శాఖలకు ఇట్టి యంత్రములను సమకూర్చు నేర్పాటు చేసిరి. మేఘమని పేరు పెట్టినను అది నేలమీద, గట్టి గోడల నడుమ, చల్లని గదులలో నుండు ఇనుమే యని మఱవవలదు.

ఒక యినుపపెట్టెలో ముప్పది కల్పితయంత్రములు. అట్టి పెట్టెలు నూఱు. మొత్తము మూడువేల యంత్రములు. ఏది యెక్కడ నున్నది, ఏది నడచుచున్నది, ఏది నిలిచినది, దేనికెంత వంతు అను లెక్క ఒక్కచోట నుండనిచో గందరగోళమే. ఆ లెక్కను వ్రాసి యుంచుకొని, అన్ని పెట్టెలకును ఆజ్ఞలు పంపు పెద్దకు నిర్వాహక సర్వరు అని పేరు పెట్టుకొందము. వి.ఎం.వేర్ వారు దీనిని 2003లో వర్చువల్ సెంటరు అను పేర తెచ్చిరి. ఇప్పుడు వీసెంటరు అందురు. ఒక పెట్టెకు మరమ్మతు కావలసినపుడు, దానిలో నడచుచున్న యంత్రమును నడచుచుండగనే మఱియొక పెట్టెలోనికి మార్చుట కూడ ఈ పెద్ద చేయించును. పడవలో కూర్చున్నవాడు తాను పడవ మాఱితినని యెఱుగకయే మాఱినట్లు!

కాని ఈ పెద్ద తనంత తాను ఏమియు తలపెట్టదు. ఎవరైనను కూర్చుండి, తెరపై జూచి, మీటలు నొక్కవలెను. మూడువేల యంత్రములకు నెలనెల మరమ్మతులు చేయుటకు చేతులు చాలునా? మనుష్యుడు నూటొకటవ యంత్రమునకు వచ్చుసరికి అలసి, ఒక మెట్టు మఱచును. అందులకే స్వయంచాలక సాఫ్ట్‌వేరు పుట్టినది. 2005లో పప్పెట్, 2012లో ఆన్సిబుల్, 2014లో టెర్రాఫారమ్ అనునవి యిట్టివే. ప్రశాంతముగా నున్న దినమున బుద్ధిమంతులు కూర్చుండి చేయవలసినదెల్ల వరుసగా వ్రాసి పెట్టుదురు. గడ్డురాత్రి వచ్చినపుడు ఆ వ్రాత తప్పక నడచును.

మన గోదావరి హెచ్చరికలు ఇట్టివే గదా! ధవళేశ్వరమువద్ద 10 లక్షల క్యూసెక్కులు పాఱినచో మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. 1986 ఆగస్టులో ప్రవాహము 35 లక్షలు దాటినది. 2022 జూలైలో 25 లక్షలు దాటినది. అట్టి రాత్రి ఏ మట్టమునకు ఏమి చేయవలెనని సభ చేసి తర్కించుటకు వ్యవధి యుండదు. నియమము ముందే వ్రాసి యుండవలెను. స్వయంచాలకమున సారమిదియే.

ఆజ్ఞ వ్రాయుటలో నొక రహస్యము కలదు. లస్కరుతో, ‘తలుపు రెండు చుట్లు త్రిప్పుము’ అనవచ్చును. ‘కాలువలో మూడడుగుల నీరుండవలెను’ అనియు ననవచ్చును. ఆజ్ఞ పొరబాటున రెండుమాఱులు అందినచో మొదటి విధమున తలుపు నాలుగు చుట్లు తిరిగి గట్టు తెగును. రెండవ విధమున నేమియు చెడదు. మూడడుగులు ఉన్నవి గనుక లస్కరు ఊరకుండును. అందుచేత ఉత్తమమైన సాఫ్ట్‌వేరులో చేయవలసిన చేష్టను గాక, ఉండవలసిన స్థితిని వ్రాయుదురు.

ఇక అసలు విషయము. ఈ సాఫ్ట్‌వేరును నిర్వాహక సర్వరుతో కలుపుట యెట్లు? ఇది మన దస్తావేజుల భాషలో ముక్త్యారునామా వ్రాసి యిచ్చుటయే. నాకు బదులుగా ఈతడు ఈ యీ పనులు చేయవచ్చునని ఒప్పుకొనుట. దానికి మెట్లు ఆఱు.

మొదటిది పేరు. సర్వరును దాని నిండు పేరుతో పిలువవలెను. ఉత్తరముపై ‘సుబ్బయ్యగారికి’ అని మాత్రము వ్రాసినచో ఏ సుబ్బయ్యకు జేరును? ఇంటిపేరు, ఊరు, తాలూకా కావలెను గదా! అటులనే యంత్రమునకును పొట్టిపేరు చాలదు. దాని ముద్రికలో వ్రాసియున్న నిండు పేరును, మనము పిలుచు పేరును ఒక్కటియే కావలెను. ఈ పేరును చిరునామాగా మార్చి చెప్పు జాబితా సరిగా లేనిచో తరువాతి మెట్లన్నియు వ్యర్థము.

రెండవది ద్వారము. ఒక్కొక్క సర్వరునకు అంకెలు వేసిన ద్వారములు వేలకొలది యుండును. ఇట్టి పనికి సాధారణముగా 443వ ద్వారమును వాడుదురు. దారిలో నున్న కావలివానికి, ఈ ఒక్క యంత్రమునుండి ఆ ఒక్క ద్వారమునకు మాత్రము పోనిమ్మని చెప్పవలెను. అన్ని ద్వారములను తెఱచి పెట్టుట సోమరి పని.

మూడవది వేలిముద్ర. ఇది చక్కని సంగతి. సర్వరు తానెవరో నిరూపించుకొనుటకు సర్టిఫికెట్టు నొకదానిని చూపును. ఆ సర్టిఫికెట్టునుండి లెక్కగట్టి తీసిన అంకెల యక్షరముల పొడవైన వరుసకు వారు పెట్టిన పేరు సరిగా ‘వేలిముద్ర’యే. మన రిజిస్ట్రారు కచేరిలో వేలిముద్రల పుస్తకము ఎందులకో యిదియు నందులకే. మొదటిసారి కలిసినపుడు సాఫ్ట్‌వేరు, ‘ఈ వేలిముద్రగల సర్వరును నమ్మవచ్చునా?’ అని యడుగును. తొందరలో నున్నవాడు అవునని నొక్కును. అట్లు కూడదు. తీగమీద వచ్చిన ముద్రను తీగమీద వచ్చినదానితోనే పోల్చి లాభమేమి? వంచకుడు నడుమ నిలిచినచో రెండును వానివే యగును. సర్వరు నున్నచోట నమ్మకమైన యుద్యోగి యెదుట జూచి వ్రాసి యిచ్చిన ముద్రతో పోల్చవలెను. సర్టిఫికెట్టునకు గడువు కలదు. గడువు తీఱి క్రొత్తది వచ్చినపుడు వేలిముద్ర మాఱును, పొత్తు నిలిచిపోవును. అప్పుడు విసిగి, ‘ఎవరైనను సరే, నమ్ముము’ అని పరీక్షనే తీసివేయువారు కలరు. తాళము బిగుసుకొనుచున్నదని తలుపు నూడదీసినట్లు!

నాలుగవది కాలము. రెండు యంత్రముల గడియారములును ఒక్కటిగా నుండవలెను. గుర్తింపు చీట్లన్నియు ఇన్ని గంటలనుండి ఇన్ని గంటలవఱకు చెల్లునని వ్రాసి యుండును. కొన్ని పద్ధతులలో ఐదు నిమిషముల కంటె ఎక్కువ తేడా యున్న యెడల చీటి చెల్లదు. పంచాంగములు రెండైన పెండ్లిలో ముహూర్తము కుదురదు. అన్ని యంత్రములును ఒక్క కాలసర్వరు నడిగి గడియారము సరిదిద్దుకొనవలెను.

ఐదవది అధికారము. ఇదియే ముక్త్యారునామాలో ప్రాణము. సాఫ్ట్‌వేరునకు వేఱుగా నొక ఖాతా తెఱవవలెను. ఒక యుద్యోగి తన సొంత పేరును, పాస్‌వర్డును దానికి అరువిచ్చినచో, తప్పు జరిగిననాడు చేసినది మనుష్యుడో యంత్రమో చిట్టాలో తేలదు. అతడు ఉద్యోగము మానిననాడు పనులన్నియు నిలిచిపోవును. ఖాతాకు ఇచ్చు అధికారమును పనికి తగినంతయే యుండవలెను. చూచుట వేఱు, నడపి నిలుపుట వేఱు, క్రొత్తది సృష్టించుట వేఱు, తొలగించుట వేఱు. మఱియు పై మెట్టున నిచ్చిన యధికారము, తలకాలువలో వదలిన నీరు పిల్లకాలువలకెల్ల దిగునట్లు, క్రిందివాని కన్నిటికిని దిగును. కావున ఏ పిల్లకాలువకు కావలెనో అక్కడనే తూము తెఱవవలెను. పాస్‌వర్డును ఆజ్ఞల కాగితములోనే వ్రాసి పెట్టుట మహాదోషము. దానికి గుప్తముగా దాచు పేటిక వేఱుగ నుండవలెను.

ఆఱవది పరీక్ష. పొత్తు కుదిరిన వెంటనే పనులు చెప్పరాదు. మొదట, ‘నీ క్రింద నెన్ని యంత్రములున్నవి?’ అని మాత్రమే యడిగించవలెను. వచ్చిన యంకెను మన చిట్టాతో సరిచూడవలెను. తక్కువ వచ్చినచో అధికారము చాలలేదన్నమాట. ఉండకూడనివి కనబడినచో అధికార మెక్కువైనదన్నమాట. తరువాత పనికిమాలిన యంత్రము నొకదానిని సృష్టించి, నడపి, నిలిపి, తొలగించి చూడవలెను. అప్పుడు ఒకటి, తరువాత పది, తరువాత నూఱు.

ఇక్కడ మీకు బాగుగా తెలిసిన సంగతి యొకటి కలదు. కచేరిలో అర్జీ యిచ్చినచో రసీదు నిత్తురు. రసీదు చేతికి వచ్చినంత మాత్రమున పని యైనదా? నిర్వాహక సర్వరును అట్టిదే. ఆజ్ఞ నందుకొని ఒక పని నంబరు నిచ్చును. ఆ నంబరుతో మరల మరల అడిగి, ‘ముగిసినది’ అను జవాబు వచ్చువఱకు సాఫ్ట్‌వేరు రెండవ పనికి పోరాదు. ఈ యొక్క మాట మఱచి రసీదునే ఫలమని తలచి వ్రాసిన ప్రోగ్రాములు, పునాది ఆఱకముందే గోడ లేపిన మేస్త్రివంటివి.

ఇన్ని జాగ్రత్తలు ఎందులకు? మనుష్యుని తప్పు నడచి పోవును. యంత్రపు తప్పు పఱుగెత్తి పోవును. ఒక యుదాహరణము చెప్పెదను. ఒకచోట ప్రయోగముల కొఱకు కల్పించిన తాత్కాలిక యంత్రములకు ‘పరీక్ష’ అని మొదలగు పేర్లు పెట్టిరనుకొందము. అవి పెరిగిపోగా, పేరు ‘పరీక్ష’తో మొదలగు యంత్రముల నన్నిటిని తొలగింపుమని సాఫ్ట్‌వేరునకు వ్రాసిరనుకొందము. పిల్లల మార్కులు నిలిపియున్న యంత్రమునకు ‘పరీక్షాఫలితములు’ అని పేరున్న యెడల నేమగును? మాష్టరైనవాడు చూచి వద్దనును. యంత్రము అక్షరము చూచును గాని యర్థము చూడదు. అందుచేత తొలగింపువంటి పనులకు ముందు, ‘ఇవి ఇవి పోవును’ అని జాబితా చూపి, మనుష్యుని ఒప్పుదల పొందిన తరువాతనే జరుగునట్లు ఏర్పాటు చేయవలెను. తొలగించు నధికారమును నిత్యపు ఖాతాకు ఇయ్యకుండుట ఇంకను మేలు.

ఇంకొక భ్రమ. నడచుచున్న యంత్రమునకు స్నాప్‌షాటు అను పేర నొక నాటి స్థితిని పట్టి యుంచవచ్చును. ఇది యున్నది గదా, వేఱే నకలెందుకని కొందఱందురు. అది మూలముతో బాటు అదే పెట్టెలో, మూలము నాధారము చేసికొని యుండును. మూలము పోయిన నదియు పోవును. దస్తావేజును దాని జిరాక్సును ఒక్క ట్రంకుపెట్టెలో నుంచి, వఱదలో ఆ పెట్టెయే కొట్టుకొనిపోయిన నేమి మిగులును? నిజమైన నకలు వేఱొక యూర నుండవలెను. దానిని అప్పుడప్పుడు తెఱచి, చదువ వచ్చుచున్నదో లేదో చూడవలెను.

పోలవరమువద్ద స్పిల్‌వేకు 48 గేట్లు కట్టినారు. 50 లక్షల క్యూసెక్కుల నీరు పోవునట్లు లెక్కగట్టి నిర్మించినారు. 2021 జూన్‌లో గోదావరిని ఆ దారికి మళ్ళించినారు. అంత గేటును మనుష్యుని భుజబలము లేపలేదు, యంత్రమే లేపవలెను. కాని ఏ గేటు, ఎంత, ఎప్పుడు అను మాటకు బాధ్యుడు మనుష్యుడే. ఈ రెండు మాటలును సత్యములు. స్వయంచాలకమును ద్వేషించి చేతిపనికి పొమ్మనుట మన యుద్దేశము కాదు. వేల యంత్రములను చేతితో చూచువాడు లేడు. బాధ్యతను యంత్రముపైకి త్రోసి చేతులు దులుపుకొనుట మాత్రము ఒప్పుకొనరాదు.

కావున పెద్దలారా, గ్రామసభలోనో సచివాలయములోనో ‘సిస్టములో అట్లే వచ్చినది, మేమేమి చేయుదుము’ అను మాట విన్నపుడు మీరు ఊరకుండవలదు. మూడు ప్రశ్నలు మర్యాదగా వ్రాసి యడుగుడు. ఈ మార్పు ఏ ఖాతా పేర, ఏ తేదీని జరిగినది? ఆ ఖాతాకు ఆ యధికారమును ఇచ్చిన యుద్యోగి యెవరు? మార్పునకు పూర్వపు నకలు ఎక్కడ నున్నది? పొత్తు సరిగా కుదిర్చినచోట ఈ మూటికిని చిట్టాలో జవాబు దొరకును. దొరకనిచోట ముక్త్యారు ఎవరో తెల్లకాగితముపై సంతకముచేసి యిచ్చినారని తెలిసికొనవచ్చును. మీ యింటిలో నున్న పాత పట్టాదారు పుస్తకమును, అడంగలు నకళ్ళను, నష్టపరిహారపు కాగితములను మాత్రము, కంప్యూటరులో నున్నవి గదా యని పాఱవేయకుడు. భద్రముగా గట్టి యుంచుడు.